చౌడు కింద వైరు

జాలిదొడ్డిలో ఆ ఏడు వాన వద్దనుకున్న మనిషి ఒక్కతే: సుమయ్య.

మృగశిర కార్తె సగం గడిచినా చినుకు లేదు. పెద్దకడుబూరు మండలంలో ఊరూరా పత్తి విత్తనాల సంచులు గోడవారన కాచుకుని ఉన్నాయి. కిరాణా అంగడి దేవరాజు అరుగు మీద కూర్చుని, బస్సు దిగిన ప్రతి మనిషినీ "మీ పక్క ఏమన్నా పడిందాప్పా?" అని విచారిస్తున్నాడు, చావు పలకరింపులకు వచ్చినవాడిలా. సుమయ్య మాత్రం తెల్లారి మిద్దెక్కి, పడమటి దిక్కు తేటగా కనబడితే "అల్లాకు షుకర్" అని లోపల్లోపల అనుకుని దిగేది. పైకి అనేది కాదు. రైతుల ఊళ్లో ఆ మాట పైకంటే అన్నం పుడుతుందా?

ఆమె భయమంతా ఒక తెల్ల వైరు గురించి.

సుమయ్య ఆదోనిలో డిగ్రీ చదివి, ముస్తాక్‌ను చేసుకుని ఈ ఊరు వచ్చింది. ముస్తాక్ ఆదోనికీ పెద్దకడుబూరుకూ నడుమ ఆటో తోలుతాడు. ఆమెకు ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం దొరికింది. బెంగళూరులో ఒక పెద్దాసుపత్రికి తెలుగువాళ్లు చేసే ఫోన్లన్నీ ఆమె చెవిలో మోగుతాయి. కీళ్ల డాక్టరు ఏ రోజు ఉంటాడు, పరగడుపున రావాలా తిని రావాలా, స్టేషను దగ్గర దిగి ఏ బస్సెక్కాలి, అన్నీ ఓపిగ్గా చెప్పి టైము ఇవ్వాలి. అంత మర్యాదగా మాట్లాడే మనిషి జాలిదొడ్డిలో మట్టిమిద్దె కింద, కోళ్లను కాలితో తోలుకుంటూ కూర్చుందని ధర్మవరం ముసలమ్మకు తెలియదు, మదనపల్లె మేస్త్రికీ తెలియదు.

ఆ ఊళ్లో ఫోను సిగ్నలు గాలివాటం. అందుకే వైరు మీద వచ్చే నెట్టు ఉండాలని ఆసుపత్రివాళ్ల షరతు. ఊరికి వచ్చిన నెట్టు డబ్బా దేవరాజు అంగట్లో ఉంది. అక్కడినుంచి వీధి దాటించి, తమ మిద్దె మీదుగా ఇంట్లోకి ముస్తాక్ పోయినేడు వానలు వెలిశాక ఒక వైరు లాగాడు. ఇళ్ల లోపల వాడే రకం అది. తెల్లగా, నున్నగా, సున్నం గోడకు కలిసిపోతుందని ముచ్చటపడి తెచ్చాడు. పొడుగు చాలకపోతే ఇంకో ముక్క తెచ్చి మిద్దె నడుమ అతికించాడు. ఎండాకాలమంతా దివ్యంగా పనిచేసింది. ఎండాకాలంలో పనిచేయని వైరేది?

బెంగళూరులో సుమయ్య పని చూసే పైఅధికారి హర్షిణి. మంచిదే, కానీ ఆమె చేతులూ పైవాళ్లు కట్టినంతవరకే.

"సుమయ్యా, నీ మాట బాగుంది, పని బాగుంది. వానాకాలంలో కూడా నీ లైను నిలబడితే మీ ఊళ్లోనే ఇంకొకరికి సీటు ఇవ్వడానికి పైవాళ్లను ఒప్పించాను. ఊరికూరికే తెగుతుంటే మాత్రం ఇంటి దగ్గర పని ఉండదు. నువ్వే ఇక్కడికొచ్చి ఆఫీసులో కూర్చోవాలి."

బెంగళూరు పోవడమంటే ముస్తాక్ ఆటోనూ, అత్తనూ, అప్పుడప్పుడే బడికి పోతున్న కూతురినీ వదిలిపోవడం. లేదంటే ఉద్యోగమే వదులుకోవడం. ఇక ఆ రెండో సీటు ఎవరిదో సుమయ్య మనసులో ముందే రాసిపెట్టుకుంది. బోరు మోటార్లు ఎత్తి దించే యేసురత్నం కోడలు ప్రేమలత. పత్తి తీయడం అయిపోగానే ఈ పక్క ఊళ్లలో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. సుగ్గికని, అదే కూలి వలసకని, జనం గుంటూరు వైపు మిరపకోతలకు పోతారు. ప్రేమలత పోయినేడు చంటిపిల్లను మిరపకాయల కుప్ప పక్కన పడుకోబెట్టి, ఘాటుకు ఆ పిల్ల తుమ్మి తుమ్మి ముక్కునుంచి రక్తం కారితే, కొంగుతో తుడిచి మళ్లీ వంగి కోసింది. ఇంటరు చదివింది. గొంతు గంటలాంటిది. "ఈసారి పోకుండా ఉండేటట్ల ఏమన్నా సూడక్కా" అని ఉగాదినాడే సుమయ్యను అడిగి ఉంది.

వాన రానే వచ్చింది. మధ్యాహ్నం గాలి దుమారం లేచి, వెనకే పెద్ద చినుకులు. వీధిలో మగవాళ్లు తువాలలు తీసి తలమీద వేసుకోకుండా కావాలనే తడిశారు. ఇంట్లో సుమయ్య చెవిలో ఒక ముసలాయన మోకాళ్ల నొప్పి వర్ణిస్తున్నాడు.

"మెట్లు దిగేటప్పుడు ఎక్కువమ్మా, ఎక్కేటప్పుడు—"

అక్కడితో సరి. ముసలాయన మెట్ల నడుమే ఉండిపోయాడు.

వాన వెలిశాక ముస్తాక్ మిద్దెక్కి చూశాడు. ఇన్ని నెలల ఎండకు వైరు పైతోలు పగుళ్లిచ్చింది. ఆ పగుళ్లలో, ప్లాస్టిక్ టేపు చుట్టిన అతుకులో నీళ్లు నిలిచాయి. కొత్త ముక్క వేసి, మళ్లీ అతికించి, ఈసారి పాలప్యాకెట్టు కవరు చుట్టి దిగాడు. లైను వచ్చింది. వస్తే వచ్చింది గానీ, ఎన్నాళ్లు?

అప్పుడు ముందుకొచ్చింది మహమూదా బీ, ముస్తాక్ తల్లి.

ఆ ఇంట్లో మాట సగం తెలుగు, సగం ఉర్దూ. మిద్దె విషయంలో మాత్రం భాష ఒక్కటే, మహమూదా బీది. మట్టిమిద్దెలకు ఏటా వానలు ముదిరేలోపు చౌడు ఎత్తాలి. వంక గట్టున తెల్లగా పూసిన ఉప్పుమట్టి అది. తెచ్చి మిద్దెమీద పరిచి, తడిపి, కాలితో తొక్కి చదును చేస్తే నీటిచుక్క కిందికి దిగదు. ఊళ్లో చాలా మిద్దెలు సిమెంటువై పోయి, ఆ సిమెంటు మిద్దెలే కారుతుండగా, మహమూదా బీ మిద్దె మాత్రం ఆమె కోడలుగా వచ్చిన నాటినుంచి కారింది లేదు. కొత్తగా పోసిన సిమెంటు మిద్దె కింద బకెట్లు పెట్టుకున్న ఇంటికి ఆమె పనిగట్టుకుని పలకరించడానికి పోయేది.

"ఆ వైరును అట్ల ఎండకు వానకు పారేస్తే ఏం బతుకుతాది?" అంది. "మనిషైనా సస్తాడు. ఈయేడు సౌడు ఎత్తేటప్పుడు దాన్ని గూడా లోపల పెట్టి తొక్కుతా. ఎండ తగల్దు, వాన తగల్దు, కోతి తగల్దు."

సుమయ్యకు మాట నచ్చింది. చదువుకున్న బుర్రకూ అందులో తప్పు కనబడలేదు. ఒక్క చుక్క దిగని చోటు కంటే వైరుకు భద్రమైన చోటు ఎక్కడుంది? ముస్తాక్ అయితే "మా అమ్మకు ఇంజనీరు సీటు ఇయ్యాల్సింది" అన్నాడు. ట్రాక్టరు ట్రాలీతో చౌడు వచ్చింది. అతుకును నడిమధ్యన పెట్టి, వైరును పొడుగునా పరిచి, అత్తాకోడళ్లిద్దరూ కొంగులు దోపి దానిమీద చౌడు తొక్కారు. ప్రేమలత కూడా వచ్చి తొక్కింది. తన సీటును తానే పాతుకున్నట్టు జాగ్రత్తగా తొక్కింది.

తర్వాత పడిన రెండు వానలకు లైను చెక్కుచెదరలేదు. సుమయ్య బెంగళూరుకు ఫోను చేసి లైను బాగైందని చెప్పింది. హర్షిణి సంతోషపడి, "అయితే వచ్చే నెలలో, మీ లెక్కన పుష్యమి కార్తెలో, ఒక సోమవారం పెట్టుకుందాం. ఆ పొద్దంతా నీ లైను మీదే నువ్వూ, మీ ప్రేమలతా ఇద్దరూ ఫోన్లు ఎత్తాలి. ఆ పొద్దు నిలిచిందంటే సీటు ఖాయం" అంది.

మహమూదా బీ ఊరంతా చెప్పుకుంది, బెంగళూరు ఆసుపత్రి తన మిద్దె మీద నడుస్తోందని.

ఆరుద్రలో ముసురు పట్టింది. పెద్ద వాన కూడా కాదు, జల్లెడ పట్టినట్టు సన్నచినుకు. సుమయ్య చెవిలో గొంతులు ముక్కలయ్యాయి. "హలో" అంటే "లో" వినబడేది. "గుండె" అంటే "గుం" దగ్గర ఆగేది. మూడోనాటికి లైను పూర్తిగా చచ్చింది. ముసురు విడిచి ఎండ వచ్చినా లేవలేదు. అదీ అసలు వింత. తడికి చెడినది పొడికి రావాలి కదా?

"అమ్మీ" అంది సుమయ్య మెల్లగా, "అతుకు కాడ తవ్వి చూస్తాం."

మహమూదా బీ కూరకు ఉల్లిగడ్డ కోస్తోంది. కత్తి ఆగింది. "ఏమి తవ్వుతావు?"

"మిద్దె. కొంచెమే."

"నడి వానాకాలంలో, తడిసిన సౌడు మీద పార పెడతావా? అది మిద్దె అనుకుంటివా, శెనిక్కాయల సేను అనుకుంటివా?"

"గంపంత తవ్వితే సాలు అమ్మీ."

"గంపంత బొక్క సాలు, ఇంటినిండా నీళ్లు రానీకి! మళ్ల పూడ్సినా అది అతుకుకోదు, ఎండాకాలం దాకా. మా అత్త కాలం నుంచి ఈ మిద్దె మీద వానల్లో పార పెట్టింది లే. నా సౌడు మీద తప్పు మోపాకు. సెడింది ఆ దేవరాజు డబ్బా కాడ, పోయి ఆయన్ను అడుగు."

సుమయ్య ముస్తాక్ వైపు చూసింది. ముస్తాక్ తాళంచెవి వైపు చూశాడు. "బాడుగ ఉంది" అని లేచాడు. ఇద్దరాడవాళ్ల నడుమ ఇరుక్కున్న మగవాడికి దేవుడిచ్చిన వరం ఆటో.

సుమయ్య మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కంప్యూటరు సంచిలో పెట్టుకుని, నేరుగా డబ్బా ఉన్నచోటికే, దేవరాజు అంగడికి పోయింది. డబ్బా భేషుగ్గా ఉంది. దానికి మూరెడు వైరు తగిలించి, ఉల్లిగడ్డల మూట మీద కూర్చుని, పని మొదలుపెట్టింది.

అంగడి అంగడే కదా. ఆమె ఒక చేత్తో మూతి దగ్గర మైకు కప్పుకుని, "చక్కెర వ్యాధి డాక్టరుగారు గురువారం ఉంటారండి" అంటోంది. పక్కనే దేవరాజు, "పావుకిలో బెల్లమా, అరకిలోనా? సరిగ్గా సెప్పు తల్లీ" అని అరుస్తున్నాడు.

అవతలి మనిషి కాసేపు ఆలోచించి, "ఏమమ్మా, షుగరు డాక్టరని ఫోను చేస్తే బెల్లం అమ్ముతాండారు?" అన్నాడు.

అదే సమయానికి మహమూదా బీ చింతపండు కోసం వచ్చి గడప దగ్గర నిలబడి ఉంది. దేవరాజు ఊరుకుంటాడా?

"ఏం మహమూదక్కా, మీ కోడలికి ఇల్లు ల్యాకపాయనా? నా ఉల్లిగడ్డల మీద సంసారం పెట్టింది. బాడుగ నీకు రాయాల్నా, బెంగుళూరుకు రాయాల్నా?"

అంగట్లో నవ్వులు. మహమూదా బీ నవ్వలేదు. ఆమె చూపు కోడలి మీద ఉంది. సుమయ్య ఇప్పుడు హర్షిణితో మాట్లాడుతోంది, తల వంచుకుని, చెవి ఇంకో చేత్తో మూసుకుని.

"లేదు మేడం, సంత కాదు... అవును మేడం, సోమవారం వరకే. నాకు తెలుసు. బాగుపడకపోతే... వస్తాను మేడం. బెంగళూరు వస్తాను. ప్రేమలతకు నేను చెప్పుకుంటాను."

మహమూదా బీ చింతపండు తీసుకోకుండానే వెనక్కు తిరిగింది.

సాయంత్రం సుమయ్య ఇంటికి వచ్చేసరికి మిద్దె మీద దబ్‌దబ్‌మని చప్పుడు. నిచ్చెన ఎక్కి చూస్తే అత్త! కొంగు నడుముకు బిగించి, చిన్నపారతో నడిమిద్దెన తవ్వుతోంది. తీసిన చౌడును ఒక్క పెళ్ల కూడా వృథా పోకుండా గోనెపట్టా మీద పేరుస్తోంది.

"అమ్మీ!"

"ఉండు. వచ్చె." మహమూదా బీ వేళ్లతో మట్టి తోసి అతుకును బయటికి లాగింది. పాలకవరు చీలికలై ఉంది. లోపలి రాగి తీగలు ఒక్కొక్కటే పట్టుకుంటే పొడిగా రాలాయి. మిగిలినవాటి మీద పచ్చగా చిలుం, మందంగా, పాచి పట్టినట్టు.

మహమూదా బీ ఆ పచ్చదనాన్ని అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో రుద్దింది. ఆమె తండ్రి ఆదోనిలో రాగి గిన్నెలకు కళాయి పోసేవాడు. పుట్టింట ఆమె ఆడుకున్నదే చిలుం పట్టిన చెంబులతో.

"రాగి చెంబులో ఉప్పునీళ్లు నిలబెడితే మా అబ్బా వీపు పగలగొట్టేటోడు" అంది. "రాగికి ఉప్పు ఆగదు బేటీ. సౌడంటే ఏంది? ఉప్పే గదా. కళాయి సాబు కూతుర్ని. నాలిక మీద ఏసుకుని ఎన్నిసార్లు సూసినా ఈ మట్టిని! నాకే తట్టలే."

"నాకూ తట్టలే అమ్మీ. నేనే గదా నీ పక్కన నిలబడి తొక్కింది."

"నీళ్లను ఆపేదీ అదే, వైరును తినేదీ అదే." అతుకును వీధిలోకి విసిరేసింది. "ఇంగ నా మిద్దె మీద వైరు వద్దు. యాడన్నా పెట్టుకో, గోడ మీద పెట్టుకో, గాలిలో పెట్టుకో. పెట్టుకో గానీ ఆ బెంగుళూరు మాట మల్ల నోట రానీయాకు."

ఆ గుంతను తీసిన చౌడుతోనే నింపి, తొక్కి, పైన టార్పాలిన్ కప్పి దిగారు. దిగేటప్పుడు మహమూదా బీ దానివైపు చూసిన చూపు, పెళ్లయిన కూతురిని సాగనంపిన చూపులాగుంది.

మర్నాడు సుమయ్యే ఆదోని బస్సెక్కింది. ముస్తాక్ పోతే మళ్లీ గోడకు సరిపోయే రంగు తెస్తాడని. బయట వాడే వైరు నల్లగా, మోటుగా, చూడడానికి ఏమీ బాగుండదు. అంగడతను కొన కోసి చూపించాడు. లోపల తీగల చుట్టూ వేజలైనులాంటి జిగురు నిండి ఉంది. ఎక్కడన్నా గీరుకున్నా నీళ్లు లోపలికి పాకవని చెప్పాడు. పై తోలు ఎండకు పగలదట. సుమయ్య ఇంటి నుంచి అంగడి దాకా దూరాన్ని తాడుతో కొలిచి తెచ్చుకుంది. వంపులకు ఇంకొంచెం కలిపి, నడుమ అతుకు అన్నది లేకుండా ఒకే ముక్క కోయించింది.

వైరు ఇల్లు చేరగానే యేసురత్నం ప్రేమలతను వెంటబెట్టుకుని, తన పనిముట్ల సంచితో వచ్చాడు. కోడలి సీటు విషయం, రాకుంటాడా?

"అతుకు నాకు ఇడ్సిపెట్టు పాపా" అన్నాడు వస్తూనే. "నా సేతి అతుకు నాలుగొందల అడుగుల బోర్ల నీళ్లలోనే కాపురం సేస్తాది. రబ్బరు టేపు ఏసి సుట్టినానంటే—"

"అతుకే లేదన్నా ఈసారి. ఈ కొన నుంచి ఆ కొన దాకా ఒకటే వైరు."

యేసురత్నం మొహం చిన్నబోయింది. "అతుకు ల్యాకుంటే నన్నెందుకు పిలిచినట్ల?"

"మామా, అంటే అతుకు ఏసేకి ఇంకోసారి తెంపాల్నా ఏంది?" అని ప్రేమలత నవ్వింది.

కానీ పని లేకుండా పోలేదు. చూరు కింద గోడ పొడుగునా వైరును కోతులు లాగకుండా ఏదో ఒక తొడుగు కావాలి. యేసురత్నం తన కొట్టంలో పడి ఉన్న పాత డ్రిప్పు పైపులు మోసుకొచ్చాడు. చెట్లకు చుక్కచుక్కగా నీళ్లు పట్టే నల్ల పైపులవి, జానెడు జానెడుకు సన్న రంధ్రాలు. వైరును అందులోంచి లాగాక సుమయ్య టేపు తీసుకుని ఒక్కొక్క రంధ్రమూ మూస్తూ పోసాగింది.

"ఏయ్, ఏయ్! మూసుకుంటా పోతాండావే?" అన్నాడు యేసురత్నం.

"నీళ్లు పోవా అన్నా లోపలికి?"

"పోతాయి. నువ్వు మూసినా పోతాయి, కొనల కాడ నుంచి. పోయినంక యాడికి రావాల? పోయినేడు మా బోరు వైరుకు నేనూ ఇట్లే మూసినా, బో తెలివిగా. పైపునిండా నీళ్లు నిలిచి నాని నాని వైరు ఉబ్బిపాయ. బొక్కలు నేలకు తిప్పి పెట్టు. వచ్చిన నీళ్లు వచ్చినట్లే కారిపోతాయి."

వీధి మీదుగా వైరును ఉత్తగా వేలాడదీయలేదు. పందిళ్లకు కట్టే ఇనుప తీగను ఇంటి గోడ నుంచి అంగడి పక్క స్తంభానికి బిగించి, దానికి వైరును అక్కడక్కడ కట్టారు. బరువు తీగ మోస్తుంది, మాట వైరు మోస్తుంది. గడ్డి ట్రాక్టరు తగలనంత ఎత్తులో ఉందా అని ముస్తాక్ ఆటో మీద నిలబడి కర్ర ఎత్తి చూశాడు. ఆ పూట అతనికి బాడుగలు గుర్తుకు రాలేదు.

ఇక మిగిలింది గోడలోంచి ఇంట్లోకి దూర్చడం. సుమయ్య వైరును నేరుగా రంధ్రంలోకి తోయబోతుంటే, మంచం మీద కూర్చుని అంతా చూస్తున్న మహమూదా బీ లేచింది. మిద్దె మీది నీళ్లు వీధిలోకి దూకే రాతి దోనె వైపు వేలు చూపించింది.

"అది గోడకు అంత దూరం ముందుకు ఎందుకు ఉంది? పోయే నీళ్లు గోడను పట్టుకోకుండా కింద పడాలని. నీళ్లు దేన్ని పట్టుకుంటే దాని ఎంబడే పోతాయి. మీ వైరు గూడా నీళ్లకు దోవే. తిన్నగా బొక్కలోకి పెడితే అవీ తిన్నగా లోపలికే వస్తాయి. ముందు కిందికి దించు, బొక్క కన్నా కిందికి. మళ్ల పైకెక్కించి దూర్చు. నీళ్లకు దిగను తెలుసు గానీ ఎక్కను తెల్దు."

వైరు కిందికి వంగి, జోలెలా వేలాడి, మళ్లీ పైకెక్కి రంధ్రంలో దూరింది. రంధ్రం కూడా బయటివైపు వాలుగా ఉండాలని మహమూదా బీ పట్టుబట్టి మళ్లీ తొలిపించింది. దాని అంచులు యేసురత్నం తన రబ్బరు టేపుతో, జిగురుతో మూసి, "నా సెయ్యి పడిందిలే ఎట్లయినా" అని తృప్తిపడ్డాడు.

అంతటితో ఆగక మహమూదా బీ వీధి దాటి దేవరాజు అంగడికి పోయింది.

"నా గోడ ముట్టుకోవద్దు" అన్నాడు దేవరాజు. "ఇప్పటికే ఆ మూల సెమ్మ దిగి రెండు బెల్లం దిమ్మలు కరిగిపాయ. మిద్దె మళ్ల సిమెంటు పోయించాల్నేమో అని ఏడుస్తాండా."

"మిద్దె కాదప్పా. నీ గోడలో వైరు బొక్క యాడ ఉందో సూడు, నీ సెమ్మ యాడ ఉందో సూడు."

దేవరాజు చూశాడు. పాత తెల్ల వైరు పైనుంచి తిన్నగా వాలి గోడలోకి దూరిన చోటే తడి చార మొదలై, సరిగ్గా బెల్లం మీదికి దిగింది. ఈ వానాకాలం మొదలైనప్పటినుంచీ వీధిలో వాననంతా ఆ వైరు వేలు పట్టుకుని తెచ్చి ఆయన బెల్లానికి అప్పగిస్తోంది. ఆయన కాసేపు గోడనూ, కాసేపు మహమూదా బీనూ చూసి, నిచ్చెన తనే తెచ్చి పట్టుకున్నాడు.

"ఉరిమితే మాత్రం వైరు కొన జాకు పీకేయండమ్మా" అని యేసురత్నం పోతూ పోతూ హెచ్చరించాడు. "పిడుగుకు నల్ల వైరూ తెల్ల వైరూ ఒకటే." సుమయ్య ఆ మాట హర్షిణికి ముందే చెప్పిపెట్టుకుంది. ఆమె దానికి ఒప్పుకుంది.

సోమవారం తెల్లవారేసరికి మబ్బు దించేసింది. ఉరుము లేదు, మెరుపు లేదు, ఉత్త వాన. వదలకుండా, తొందర లేకుండా, ఎవరికో మాటిచ్చినట్టు పడుతోంది. పత్తిచేలకు అమృతం. దేవరాజు అరుగు మీద కూర్చుని ఆనందంగా వణుకుతున్నాడు.

ఇంట్లో రెండు కుర్చీలు, రెండు కంప్యూటర్లు. ఒకటి ఎమ్మిగనూరులో చదివే మేనమామ కొడుకు దగ్గర ముస్తాక్ అడిగి తెచ్చింది. ప్రేమలత ఉతికిన చీర కట్టుకుని, చెవులకు ఫోను తగిలించుకుని, నీళ్లలో దూకబోయే మనిషిలా గట్టిగా ఊపిరి పట్టుకుని కూర్చుంది. సుమయ్యకు మూడు ఫోన్లు వచ్చిపోయాక ఆమెకు మొదటిది మోగింది.

"న... నమస్కారమండి. చెప్పండి, ఏ డాక్టరు గారు కావాలండి?"

మహమూదా బీ లోపల నిలవలేకపోయింది. తలకు తువాల చుట్టి, పైన గోనెసంచి కొప్పెర కప్పుకుని బయట గోడ దగ్గర వానలో నిలబడింది. నల్ల వైరు వెంబడి నీళ్లు జారుతున్నాయి. జారి, వంపు దగ్గరికి వచ్చి, ఎక్కడానికి దారి తెలియక అక్కడే లావెక్కి, వేలాడి, టప్పున నేలమీద పడుతున్నాయి. ఒకటి పడితే ఇంకొకటి. రంధ్రం దగ్గర గోడ పొడిగా ఉంది. ఆమె వేలుతో తడిమి చూసింది. మళ్లీ తడిమింది. డ్రిప్పు పైపు కింద కూడా అక్కడక్కడ చుక్కలు రాలుతున్నాయి, చేలో మొక్కలకు పట్టినట్టే.

"ఏమక్కా, ఆడ నిలబడి వైరుకు కాపలానా?" అని వీధి అవతలి నుంచి దేవరాజు అరిచాడు.

"నువ్వు నీ బెల్లం సూసుకో!"

"నా బెల్లం పొడిగానే ఉందిలే!"

ఆమె లోపలికి వచ్చి కొప్పెర విదిలించింది. అప్పుడు వినబడింది. టక్. కొంచెంసేపు ఆగి, టక్. వైరు దగ్గర కాదు. ఇంటి నడుమ.

తలెత్తి చూసింది. దూలానికీ, దానిమీది అడ్డకర్ర దంతెకూ నడుమ మట్టి నల్లబడి ఉంది. సరిగ్గా ఆమె పార పెట్టిన చోటికి కింద. టార్పాలిన్ గాలికి తొలగిందో, చౌడు అతుక్కోలేదో. తాను కోడలుగా వచ్చిన నాటినుంచి కారని మిద్దె, ప్రేమలత కుర్చీకి మూరెడు పక్కన, చుక్క వెనక చుక్క కారుతోంది.

సుమయ్య కూడా చూసింది. మాట్లాడుతూనే అత్త వైపు తిరిగింది. కళ్లు పెద్దవయ్యాయి.

మహమూదా బీ నోటి మీద వేలు పెట్టుకుంది. వంటింట్లోకి పోయి తండ్రి కళాయి పోసిన పాత రాగి గిన్నె తెచ్చి చుక్క కింద పెట్టింది. టంగ్! గుడిలో గంట కొట్టినట్టు మోగింది.

ప్రేమలత చెవిలో ఎవరో అడిగినట్టున్నారు. ఆమె తడబడి, "అదా అండి, ఏం లేదండి, వాన పడతాంది" అంది. అవతలి మనిషి ఏమన్నాడో గానీ ఆమె మొహం వెలిగింది. "అవునండి, బాగా పడతాంది. మీ పక్క లేదా? వస్తాదిలెండి. సరే, మరి మీకు బుధవారం పొద్దున టైము రాయమంటారా?"

మహమూదా బీ తల మీది తువాల తీసింది. నాలుగు మడతలు వేసి గిన్నె అడుగున పరిచింది. తర్వాతి చుక్క దానిమీద మెత్తగా, చప్పుడు లేకుండా పడింది. ఆమె గిన్నె పక్కనే మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది, తడిసిన తువాల పిండి మళ్లీ పరవడానికి. ఎండాకాలం రానీ, ఈ మిద్దె సంగతి చూసుకోవచ్చు.

పొద్దు వాలేవేళకు హర్షిణి ఫోను చేసింది. సుమయ్య విని, ప్రేమలత వైపు తిరిగి తలూపింది. అంతే. ప్రేమలత చెవుల్లో ఫోను తీయకుండానే ఏడ్చేసింది.

"ఏడిస్తే ఏడువు గానీ" అంది మహమూదా బీ కిందినుంచి, "ఆ వైరు మీద పడనీయాకు. అదీ ఉప్పునీళ్లే."